గేర్ ఆయిల్‌లో బంగారం పొడి

సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఒక మలుపులో మూడో గేరు నుంచి రెండుకి రావాలి. అక్కడ మా కారు ప్రతిసారీ గర్రుమనేది. లివరు అరచేతిలో జలదరించేది. ఒక్క క్షణం ఆగి మళ్లీ గట్టిగా తోస్తే అప్పుడు పడేది. రెండేళ్లు అలాగే నడిపాను. ఆ మలుపు వస్తుందనగానే పక్కన కూర్చున్న మా ఆవిడ మాట ఆపేసేది. నాకైతే ఆ చప్పుడు వింటే కడుపులో తిప్పినట్టుండేది, ఎందుకంటే లోపల ఏం జరుగుతోందో నాకు తెలుసు. నా ఉద్యోగమే గేర్‌బాక్సులతో. ఉక్కు ఫ్యాక్టరీలో కన్వేయర్ బెల్టులు తిప్పే పెద్ద గేర్‌బాక్సుల మెయింటెనెన్స్ చూస్తాను. అక్కడ ఏ గేర్‌బాక్సులోంచి కొత్త చప్పుడు వచ్చినా షిఫ్టు దిగేలోగా రాసి పెట్టాలి. ఇంట్లో కారు రెండేళ్లు అరుస్తుంటే మాత్రం ఊరుకున్నాను. విప్పితే మళ్లీ బిగించగలనా అన్న భయం, అంతే.

కారు మా మామయ్యది. 1968 ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, మార్క్ 3. రెండే సీట్లు, పైన గుడ్డ టాపు, 1296 సీసీ ఇంజను. బానెట్టూ ముందు మడ్‌గార్డులూ అంతా కలిపి ఒకే ముక్క, మొత్తం ముందుకి వాలిపోతుంది. ఈ బండి మన రోడ్ల మీద అరుదు. దీని అక్కని మాత్రం మన పెద్దవాళ్లందరూ ఎరుగుదురు, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్. స్పిట్‌ఫైర్ చాసిస్ హెరాల్డ్ చాసిస్‌లోంచి పుట్టిందే. రెండింటికీ రూపం గీసింది ఇటలీకి చెందిన జొవాని మికెలోటీయే. మామయ్య ఓడల్లో ఇంజనీరు. 1979లో మద్రాసులో దీన్ని సెకండ్ హ్యాండ్‌లో కొని, ఎనిమిది వందల కిలోమీటర్లు తనే నడుపుకుంటూ విశాఖ తెచ్చాడు. "హెరాల్డ్ సామాను దొరికినన్నాళ్లు దీనికి ఢోకా లేదురా" అనేవాడు. ఆయన పోయి పదకొండేళ్లయింది. పెద్దకర్మ అయిన మర్నాడు అత్తయ్య తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టింది.

రెండో గేరు గోల కాక ఇంకో చప్పుడు కూడా ఉండేది. ఒకటి, రెండు, మూడు గేర్లలో కింద నుంచి తిరగలి తిప్పినట్టు ఘుర్రుమని వచ్చేది. నాలుగులో పడగానే మాయం. పాత కార్లున్నవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే గేర్‌బాక్సు డబ్బా విప్పకుండానే సగం రోగం తెలుస్తుంది. ఇలాంటి గేర్‌బాక్సులో నాలుగో గేరంటే ఇంజను వైపు షాఫ్టూ, వెనక చక్రాల వైపు షాఫ్టూ నేరుగా కలిసిపోవడమే. మిగతా మూడు గేర్లలో బలమంతా కిందనున్న ఇంకో షాఫ్టు, లేషాఫ్టు అంటారు, దాని మీదుగా పోతుంది. నాలుగులో ఆ కింది గేర్లు ఊరికే తిరుగుతాయి, వాటి మీద బరువు పడదు. కాబట్టి నాలుగులో ఆగిపోయే చప్పుడు లేషాఫ్టుది. ఇంజను వైపు షాఫ్టుని మోసే ముందు బేరింగుదైతే నాలుగులో కూడా అరవాలి. ఇంకో పరీక్ష కూడా చేశాను. బండి నిలిపి న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ తొక్కితే చప్పుడు పోయేది, వదిలితే వచ్చేది. అంటే అది గేర్‌బాక్సు లోపలిదే.

ఊళ్లో ఇద్దరు ముగ్గురు మెకానిక్కులకి చూపించాను. "ఈ డబ్బా తీసేసి వేరే బండిది బిగించేద్దాం సార్, అడాప్టర్ ప్లేటు చేయిస్తాను" అన్నారొకరు. ఆ పని చక్కగా చేసేవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ ఏది అరిగిందో చూడకుండా మొత్తం డబ్బా అవతల పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

మల్కాపురంలో ఒక పెద్దాయన ఉన్నారు. షిప్‌యార్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. డెబ్భై ఎనిమిదేళ్లు. మామయ్య ఆయన్ని మేస్త్రి గారు అనేవాడు, నేనూ అలాగే పిలుస్తాను. వాళ్ల నాన్నగారు యార్డు సింధియా కంపెనీ చేతిలో ఉన్న రోజుల్లో అక్కడ పనిచేశారట. 1948లో నెహ్రూ వచ్చి జల ఉష ఓడని నీళ్లలోకి దింపిన రోజు అక్కడే ఉన్నారట. ఆ కబురు చెప్పేటప్పుడు మేస్త్రి గారు కుర్చీలో కాస్త నిటారుగా కూర్చుంటారు. ఒక ఆదివారం పొద్దున్నే ఆయన్ని మర్రిపాలెంలో మా ఇంటికి తీసుకొచ్చి, కారెక్కించి, ఎన్ఏడీ జంక్షన్ దాకా తిప్పాను. లివరు మీద చెయ్యి వేసి ఊరుకున్నారు. ఇంటికొచ్చాక, "పారెయ్యడానికి ఏటుంది బాబూ ఇందులో? ఇప్పి చూద్దాం. ముందు నూనె దించు" అన్నారు.

అమ్మ వాడని స్టీలు బేసిను ఒకటి కింద పెట్టి ప్లగ్గు తీశాను. మే నెల ఎండ. నల్లగా వస్తుందనుకున్న నూనె బేసినులో చేరాక మెరవడం మొదలుపెట్టింది. పుల్లతో కదిపితే బంగారం పొడి కలిపినట్టు సుడులు తిరిగింది. చూడ్డానికి ఎంత అందంగా ఉందో నాకంత గుండె జారింది. మేస్త్రి గారు పాత స్పీకరు అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి నూనెలో ముంచి తీశారు. దానికి నల్లటి నూగు కొంచెం అంటింది. బంగారం మాత్రం బేసినులోనే ఉండిపోయింది.

"అంటింది ఇనుము. అంటనిది ఇత్తడి. నీ సింక్రో రింగులు బాబూ ఇవి, నూనెలో కలిసిపోతన్నాయి. ఏ నూనె పోస్తన్నావు?"

సింక్రో రింగులంటే గేరు సాఫీగా పడేలా చూసే ఇత్తడి రింగులు. నూనె డబ్బా తెచ్చి చూపించాను. వెనక చక్రాలకి బలం పంచే డిఫరెన్షియల్‌కి, ముందు గేర్‌బాక్సుకి రెండింటికీ అదే డబ్బా, పదకొండేళ్లుగా. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, లేబుల్ మీద జీఎల్-5 అన్నచోట వేలు పెట్టి, ఆ వేలు అలాగే ఉంచి నా వైపు చూశారు. ఇంకేమీ అనలేదు.

ఈ నూనె సంగతి కొంచెం పొడుగ్గా చెప్తాను, ఎందుకంటే ఇదంతా రాస్తున్నది ముఖ్యంగా దీనికోసమే. గేర్ నూనెల్లో జీఎల్-4, జీఎల్-5 అని రకాలుంటాయి. నాలుగు కంటే ఐదు పెద్ద అంకె, ధర కూడా కాస్త ఎక్కువ, కాబట్టి మంచిదని నేననుకున్నాను. షాపుల్లో కూడా "తొంభై నంబరు గేర్ ఆయిల్" అనడిగితే చేతికొచ్చిన డబ్బా ఇచ్చేస్తారు. ఆ తొంభై చిక్కదనం లెక్క. జీఎల్ అంకె వేరు, ఏ నూనె ఏ పనికి పనికొస్తుందో చెప్పేది అది. డిఫరెన్షియల్‌లో ఉండే హైపాయిడ్ గేర్ల పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ భయంకరమైన ఒత్తిడిలో రాసుకుంటాయి. అక్కడ ఉక్కూ ఉక్కూ అతుక్కుపోకుండా గంధకం, భాస్వరం ఉన్న రసాయనాలు నూనెలో కలుపుతారు. జీఎల్-4లో ఉండే మోతాదుకి దాదాపు రెట్టింపు జీఎల్-5లో ఉంటుంది. ఉక్కుకి అది కాపు. ఇత్తడికీ కంచుకీ, అందులోనూ నూనె వేడెక్కినప్పుడు, అదే చేటు.

అమ్మకి ఇది చెప్తే ఒక్క ముక్కలో అర్థం చేసుకుంది. "కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు కాచినట్టన్నమాట" అంది. సరిగ్గా అంతే. గిన్నె తప్పూ లేదు, పులుసు తప్పూ లేదు, ఒకదాంట్లో ఒకటి పొయ్యకూడదు. ఇప్పుడు వచ్చే కొన్ని నూనెల డబ్బాల మీద ఇత్తడికి హాని చేయదని రాసి ఉంటుంది. అది కళ్లారా చదివితే తప్ప పాత గేర్‌బాక్సులో జీఎల్-5 పొయ్యొద్దు.

ఇక విప్పడం. స్పిట్‌ఫైర్‌లో గేర్‌బాక్సు కింద నుంచి రాదు, కారు లోపల్నుంచి వస్తుంది. సీట్లు తీయాలి, కార్పెట్ తీయాలి, డ్యాష్‌బోర్డు కింద బ్రాకెట్ తీయాలి, మధ్యలో గూడులా ఉన్న కవరు ఊడదియ్యాలి. అప్పుడు గేర్‌బాక్సు మొత్తం మన మోకాళ్ల ముందు కనిపిస్తుంది. ప్రొపెల్లర్ షాఫ్టు బోల్టులు, స్పీడోమీటరు కేబులు, క్లచ్ సిలిండరు, చుట్టూ బెల్ హౌసింగ్ బోల్టులు. ఇంజను కింద చెక్క పెట్టి జాకీతో ఆనించాం. మా వాడు ఇంటర్ పరీక్షలు అయిపోయి ఖాళీగా ఉన్నాడు, వాడూ నేనూ కలిసి డబ్బాని ఎత్తి తలుపులోంచి బయటికి తెచ్చాం. ఒక ఆదివారం పట్టింది.

డబ్బా లోపలి పనంతా మేస్త్రి గారి చేతి మీదే నడిచింది. లేషాఫ్టు మీద గేర్ల గుత్తి తిరిగేది సన్నటి సూది రోలర్ల మీద. షాఫ్టు లాగేస్తే ఆ సూదులన్నీ జలజల రాలిపోతాయి. అందుకని అసలు షాఫ్టు కంటే వెంట్రుకవాసి సన్నగా ఒక డమ్మీ షాఫ్టు తయారుచేసుకుని, దాంతో అసలుదాన్ని తోసుకుంటూ బయటికి తీయాలి. సూదులు డమ్మీ మీద నిలబడతాయి, గుత్తి మెల్లగా డబ్బా అడుక్కి దిగుతుంది, పైన మెయిన్ షాఫ్టు తియ్యడానికి దారి వస్తుంది. అటు చివర ఎన్ని సూదులు, ఇటు చివర ఎన్ని అన్నది లెక్కపెట్టి కాగితం మీద రాయించారు నా చేత. "మనసులో పెట్టుకోకు, రాయి" అన్నారు.

మెయిన్ షాఫ్టు మీద మూడో గేరుని పట్టుకుని ఒక సర్‌క్లిప్, అంటే గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు, ఉంటుంది. ఈ గేర్‌బాక్సు విప్పిన ప్రతివాళ్లూ దాని గురించి చెప్తారు. స్ప్లైన్ల (షాఫ్టు పొడవునా కోసిన పళ్ల) మధ్య గాడిలో కూరుకుపోయి ఉంటుంది, మామూలు ప్లయర్స్ పట్టదు. ఒక పక్క లేపితే రెండో పక్క కూర్చుంటుంది. నేను గంటసేపు కుస్తీ పట్టి చూపుడు వేలు కోసుకున్నాను. మేస్త్రి గారు "అలగ కాదు, ఇలగ" అని, పాత హాక్సా బ్లేడుని మూడు ముక్కలు చేసి, గ్రైండింగ్ మీద సన్నగా అరగదీశారు. ఒక్కో ముక్కని ఒక్కో స్ప్లైన్ సందులోంచి క్లిప్పు కిందికి దూర్చారు. మూడు చోట్లా ఒకేసారి గాడి అంచు దాటి లేచింది. ఒక రాగి కడ్డీ ఆనించి చిన్న సుత్తితో తట్టారు. టిక్ అంటూ జారింది. ఆ క్లిప్పుని మళ్లీ వాడనివ్వలేదు, ఒకసారి సాగింది ఇంక నమ్మకూడదన్నారు.

రాత్రి భోజనాల బల్ల మీద పేపరు పరిచి అన్నీ వరసగా పెట్టుకున్నాం. సింక్రో రింగు పని చిన్నదే కానీ చాలా తెలివైనది. లోపలి వైపు సన్నటి మరలు కోసి ఉంటాయి. గేరు మారేటప్పుడు రింగు వెళ్లి గేరు తాలూకు ఉక్కు కోను మీద కూర్చుంటుంది. ఆ మరలు కోను మీది నూనె పొరని కోసేసి గట్టిగా పట్టుకుంటాయి. రెండింటి వేగం సమానమయ్యేదాకా రింగు దారికి అడ్డంగా ఉంటుంది, సమానం కాగానే తప్పుకుంటుంది. చేతికి వెన్నలో దిగినట్టు గేరు దిగేది అందుకే. రింగుని దాని కోను మీద వేసి, బొటనవేళ్లతో నొక్కి, రింగుకీ గేరు పళ్లకీ మధ్య సందు కొలిస్తే అరుగుదల తెలుస్తుంది, సందు ఎంత తగ్గితే అంత అరిగినట్టు. సందులు కొలిచే సన్నటి పలకల కట్ట, ఫీలర్ గేజు, అందులో 0.9 మిల్లీమీటరు పలక నాలుగో గేరు రింగుకి దూరింది. మూడోదానికి 0.6. రెండో గేరు రింగు దగ్గర అన్నిటికంటే సన్నటి పలక, 0.05, అది కూడా దూరలేదు. రింగు వెళ్లి గేరుకే ఆనుకుపోయింది. లోపల మరలు చేత్తో తడిమితే చెల్లని పాత నాణెంలా నున్నగా ఉన్నాయి.

ఈ డబ్బాలో మొదటి గేరుకి సింక్రో లేదు. మార్క్ 3 దాకా అంతే, ఆ తరవాతి మార్క్ 4లో పెట్టారు. బండి పూర్తిగా ఆగాకైనా వెయ్యాలి, లేదా పాత లారీ డ్రైవర్లలా డబుల్ క్లచ్ కొట్టి వెయ్యాలి. తొందరపడితే పళ్ల అంచులు చిట్లుతాయి. మేస్త్రి గారు మొదటి గేరుని లైటు కింద తిప్పి తిప్పి చూశారు. ఒక్క పన్ను చిట్లలేదు. "మీ మామయ్య చెయ్యి" అన్నారు. మా ఇద్దరి మధ్యా కాసేపు మాట లేదు. నేను తాళాలు తీసుకున్నప్పుడు రెండో గేరు కూడా వెన్నలాగే పడేదని నాకు గుర్తుంది. ఇత్తడి అరిగిందంతా నా చేతిలోకి వచ్చాకే.

లేషాఫ్టు సంగతి వేరు, దానిది వయసు. ఆ షాఫ్టు తిరగదు, దాని చుట్టూ గేర్లు తిరుగుతాయి. బరువెప్పుడూ ఒకే పక్క పడుతుంది. అందుకే ఒక పక్క అద్దంలా ఉంది, రెండో పక్క స్ఫోటకం మచ్చల్లా గుంటలు పడి, గోరు పెడితే తగులుతోంది. తిరగలి చప్పుడు అక్కడిది.

రింగులు మూడు, గేర్ల గుత్తి ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్లు, సూది రోలర్లు, సర్‌క్లిప్పులు ఇంగ్లాండు నుంచి తెప్పించాను. ఐదు వారాలు పట్టింది. బాల్ బేరింగులకి అంత దూరం అక్కర్లేదు, పాతదాని అంచు మీద నంబరు చూపిస్తే గాజువాక ఆటోనగర్‌లోనే దొరికాయి. లేషాఫ్టు మాత్రం అప్పుడు వాళ్ల దగ్గర స్టాకు లేదు. ఇక్కడే ఒక లేత్ షాపులో చేయించాను. మెరిసిపోతూ వచ్చింది, మైక్రోమీటరు పెడితే కొలత అచ్చు గుద్దినట్టుంది. సంతోషంగా మల్కాపురం పట్టుకెళ్లాను. మేస్త్రి గారు కొలత చూడలేదు. సంచిలోంచి ఆకురాయి తీసి షాఫ్టు చివర ఒక్క గీత గీశారు. కర్రుమని కోసుకుంది, తెల్లగా పొడి రాలింది. "మెత్తన బాబూ. ఆరు నెలలు రాదు" అన్నారు. తరవాత అదే ఆకురాయితో పాత షాఫ్టుని గీశారు. గాజు మీద జారినట్టు సర్రుమని జారిపోయింది, గీత కూడా పడలేదు.

వెయ్యి కిలోమీటర్లు తిరిగాక తెలియాల్సిన విషయం ఒక్క గీతతో తెలిసింది. సూది రోలర్ల కింద ఉండే షాఫ్టుకి పైపొర గాజంత గట్టిగా ఉండాలి, లోపల మాత్రం వంగినా విరగనంత సాగుదల ఉండాలి. రెండోసారి అలా పైపొర గట్టిపరచడానికి పనికొచ్చే ఈఎన్-36 ఉక్కు నేనే కొని ఇచ్చాను. కోసిన తరవాత కార్బురైజింగ్ (పైపొరలోకి కార్బన్ ఎక్కించడం), హార్డెనింగ్, చివర్లో గ్రైండింగ్, మూడూ మూడు చోట్ల. అది చేతికొచ్చేసరికి జూలై అయిపోయింది. మేస్త్రి గారు ఆకురాయి గీశారు. జారింది. నాకు ఆ శబ్దం ఇప్పటికీ చెవిలో ఉంది.

బిగింపులో మనకి సముద్రంతో ఒక చిక్కుంది. సాయంత్రం శుభ్రం చేసి పెట్టిన హబ్బు మీద పొద్దున్నకి నా వేలిముద్రలు తుప్పుతో దిగి ఉన్నాయి, గీతలతో సహా. ఈ ఊళ్లో ఉప్పు గాలి అంత పని చేస్తుంది. అప్పట్నుంచి ప్రతి ముక్కా నూనె పూసి, పాత చీర గుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి మూత వేశాం. కొత్త థ్రస్ట్ వాషర్లతో గేర్ల గుత్తి బిగుసుకుపోయింది, ముందుకీ వెనక్కీ కదలాల్సిన ఆ కొద్ది సందు లేదు. దళసరి గాజు పలక మీద సన్న ఎమరీ కాగితం పరిచి, వాషరుని నూనె గాడులు లేని వైపు కిందికి పెట్టి, ఎనిమిది అంకె రాస్తున్నట్టు రుద్దాలి. ఇరవైసార్లు రుద్దడం, కడగడం, బిగించడం, కొలవడం. మళ్లీ విప్పడం. ఆ పని మా వాడు చేశాడు. నాలుగోసారికి సందు సరిపోయింది. సూదులు గ్రీజులో అంటించేటప్పుడు కాగితం మీది లెక్క చూసి పేర్చింది కూడా వాడే.

డబ్బా మళ్లీ తలుపులోంచి లోపలికి ఎక్కించాం. జీఎల్-4 పోశాను. మొత్తం పట్టేది 0.85 లీటరు. ఫ్యాక్టరీలో నేను చూసే గేర్‌బాక్సులకి పీపాలు పీపాలు పడతాయి, వాటికి ఎప్పుడూ తప్పు నూనె పోయనివ్వలేదు నేను.

మొదట బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా వెళ్లొచ్చాను, ఒక్కణ్నే. రుషికొండ దాటాక రోడ్డు ఖాళీగా ఉంటే మూడులో చాలాసేపు నడిపాను. ఇంజను, గాలి, సముద్రం. కింద నుంచి ఏమీ లేదు. మర్నాడు మేస్త్రి గారిని ఎక్కించుకుని సింహాచలం బయల్దేరాను. ఆయన దారి పొడవునా ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కుడి అరచెయ్యి గేర్‌బాక్సు కవరు మీద ఆనించి కూర్చున్నారు, పసివాడికి జ్వరం చూసినట్టు. ఆ మలుపు వచ్చింది. క్లచ్ తొక్కి, రెండు వేళ్లతో లివరు వెనక్కి లాగాను. పడిందని చేతికి తెలియలేదు, బండి లాగడం చూసి తెలుసుకున్నాను. నేను ఆయన మొహం వైపు చూశాను. ఆయన రోడ్డు చూడమన్నారు. పైన అప్పన్న దర్శనం చేసుకుని, ప్రసాదం పొట్లం ఒకటి అత్తయ్యకి కట్టించుకున్నాం.

కొత్త రింగులు సర్దుకునేటప్పుడు కొద్దిగా పొడి రాలుతుంది కాబట్టి ఐదు వందల కిలోమీటర్లకి ఆ నూనె దించేశాను. తెల్ల పంచె ముక్క ఒకటి జల్లెడలా పట్టి, దాని మీదుగా బేసినులోకి పోశాను. మడత పెట్టి మల్కాపురం తీసుకెళ్లాను. మేస్త్రి గారు అరుగు మీదికి వచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని, గుడ్డని రెండు చేతులతో చాపి ఎండకి పట్టి చూశారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. ఒక మూల రెండు మూడు మెరుపులు వేలితో చూపించి, "ఇది పర్లేదు" అన్నారు. గుడ్డ మడిచి నా చేతికివ్వకుండా, సంచిలో ఆకురాయి పక్కన పెట్టుకున్నారు.